ఎముక సజీవ ధాతువు

ఇంటిలో పెద్దామె నేలపై జారిపడినది. తుంటి యెముక విరిగినది. పడినందున విరిగినదని మనము సరిపెట్టుకొందుము. కాని నిలుచున్న యెత్తునుండి పడినంతమాత్రమున గట్టి యెముక సాధారణముగా విరుగదు. అది అనేక సంవత్సరములుగా లోలోపల గుల్లబారుచుండెను. నొప్పి లేనందున ఎవరికిని తెలియలేదు. ఈ వ్యాధినే వైద్యులు ఆస్టియోపోరోసిస్ అందురు.

ఎముక రాయివంటిది కాదు. అందు కొన్ని కణములు పాత ఎముకను కరిగించుచుండగా, మరికొన్ని క్రొత్తదానిని కట్టుచుండును. సుమారు 30 ఏండ్ల వయస్సు వరకు కట్టుబడియే అధికము. పిమ్మట క్రమముగా తరుగుదల అధికమగును. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గుటచే ఆ తరుగుదల కొన్ని ఏండ్లపాటు మిక్కిలి వేగముగా సాగును.

కావున ఎముకల పోషణ బాల్యముననే ఆరంభము కావలెను. మన నిత్యాహారమైన బియ్యమునందు కాల్షియము అత్యల్పము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. పాలు, పెరుగు, నువ్వులు కూడ శ్రేష్ఠములు. అయితే విటమిన్ డి లేనిదే ఆ కాల్షియము ఒంటబట్టదు; ఒంటికి ఎండ తగులుట అందులకే అవసరము. నడక వలన ఎముక బలపడును. పొగాకు, మద్యముల వలన క్షీణించును.

పెద్దల నడుము వంగినను, ఎత్తు తగ్గినను వార్ధక్యమని ఊరకుండవలదని శ్రోతలకు మా మనవి. వెన్నుపూసలు నలిగినందున అట్లు జరుగవచ్చును. డెక్సా అను పరీక్షచే ఎముక సాంద్రత తెలియును. తగిన ఔషధములును గలవు. వైద్యుని సంప్రదింపుడు.