రాత్రిలేని వేసవిలో గుడ్లగూబ కాపురము

గుడ్లగూబ యింటిపై వ్రాలిన కీడు కలుగునని మనలో ననేకులు నేటికిని భయపడుదురు. పగలు దానికి కన్ను గానరాదనియు జెప్పుకొందురు. అట్లయిన చీకటియే లేనిచోట నది యెట్లు బ్రతుకును?

ఫిన్లండు దేశపు టుత్తరభాగమగు లాప్లండులో నడివేసవిని కొన్ని వారములు సూర్యుడస్తమింపడు. అచ్చటి పైను, స్ప్రూసు చెట్ల యడవులలో బూడిదవన్నె పెద్దగుడ్లగూబ నివసించును. రెక్కలు చాచిన 4 అడుగులకు మించును గాని, ఆ పెద్దతనమంతయు నీకలదే. బరువు 1 కిలోగ్రాము ప్రాంతము మాత్రమే. పళ్లెమువంటి దాని ముఖము సవ్వడిని చెవులకు జేర్చును. శీతకాలమున మంచుక్రింద మెదలు నెలుకనుగూడ విని పట్టగలదు. వేసవిలో పట్టపగలును వేటాడును.

ఈ పక్షి గూడు కట్టుకొన నెఱుగదు. డేగలు విడిచిన పుల్లల గూటిలోనో, తల విరిగిన ముదిమ్రానుపైననో గ్రుడ్లు పెట్టును. తల్లి సుమారు 30 దినములు పొదుగును. తండ్రి యాహారము దెచ్చును. పిల్లలు పుట్టిన పిమ్మటను తల్లి గూటిని విడువక, తండ్రి తెచ్చిన యెలుకను చీల్చి వాని నోటికందించుచు, తాను చిక్కిపోవును.

వీని బ్రతుకంతయు పొట్టితోక యెలుకలపై నాధారపడియున్నది. ఆ యెలుకలు మూడు నాలుగేండ్ల కొకమారు విరివిగా పెరిగి, పిదప నొక్కసారిగా తగ్గిపోవును. సమృద్ధిగల యేట గూటిలో నాలుగైదు గ్రుడ్లుండును. కఱవుయేట పెక్కు జంటలు గ్రుడ్లే పెట్టవు. కొన్ని దూరదేశములకు వలసపోవును. ఇంటిలోని గింజలు చూచి యెసరు పెట్టు గృహిణికి దీని మర్మము వేఱుగా చెప్ప నక్కఱలేదు.

పిల్లలు ఎగుర నేర్వకమునుపే, మూడు నాలుగు వారములకు గూటినుండి దుముకును. ముక్కుతోను గోళ్లతోను పట్టుకొని, ఒరిగిన చెట్లపైకి ప్రాకును. దగ్గఱకు వచ్చినది మనుష్యుడైనను తల్లి మీదబడి గోళ్లతో చీరును. కొంతకాలమునకు తల్లి తఱచుగా వెడలిపోవును. తండ్రియే మఱికొన్ని వారములు పిల్లలను సాకును.

ముదిమ్రాకులు నఱకబడిన యడవిలో నెలుక లెన్ని యున్నను వీనికి నిలువ నీడ యుండదు. అందువలన ఫిన్లండు, స్వీడను దేశములలోని పక్షిప్రియులు చెట్లపై కొయ్యపీట లమర్చి పుల్లలు పఱచిరి. గుడ్లగూబలు వచ్చి వానిపై పిల్లలను పెంచుకొన్నవి. మనము కీడని తలుపు మూసికొను పక్షికి అచ్చటివారు పీటవేసి చోటిచ్చిరి.