కత్తి మార్చొచ్చు... చెయ్యో?

దమ్మపేట నుంచి అశ్వారావుపేట వైపు వెళ్తుంటే ఎటు చూసినా పామాయిల్ తోటలే. చల్లటి నీడ, పచ్చటి మట్టలు... చూడముచ్చటగా ఉంటాయి. దగ్గరికెళ్తేనే తెలుస్తుంది, మట్టల నిండా ముళ్లే. గెలలో కాయల మధ్యా ముళ్లే!

పది పదిహేను రోజులకోసారి కోత. కోసిన గెలలు మండలంలోనే ఉన్న అప్పారావుపేట ఫ్యాక్టరీకో, అశ్వారావుపేటకో చేరతాయి. చెట్టు పొట్టిగా ఉన్నన్నాళ్లూ వెడల్పాటి ఉలితో పొడిచి గెలను వేరుచేస్తారు. ఎత్తు పెరిగాక పొడవాటి అల్యూమినియం గెడకు కొడవలి బిగించి లాగుతారు. పదును పోతే విప్పి ఇంకోటి బిగించుకోవడమే.

అమెరికా వేటగాళ్లకూ ఈ పద్ధతి నచ్చింది. జింక తోలు తియ్యడానికి వాళ్లు వాడే హావలాన్ లాంటి కత్తుల్లో, ఆపరేషన్ బ్లేడును పోలిన బ్లేడు మార్చుకోవచ్చు. (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి వేట నేరం. కాబట్టి కత్తి ముచ్చట వరకే!) తడి వేళ్లతో ఆ బ్లేడు లాగబోతే జారి వేలే తెగుతుంది. అందుకే పట్టకారుతో తియ్యాలి. మన కొడవలికీ అంతే. గెడను నేలమీద పెట్టి, అంచుకు చీల్చిన రబ్బరు గొట్టం తొడిగాకే బోల్టు మీద పానా వెయ్యాలి.

ఇక గ్లోవ్స్. ఇక్కడే చాలామంది పొరబడతారు. కత్తి కోతను ఆపే అల్లిక గ్లోవ్స్ ముల్లును ఆపవు, సందుల్లోంచి దూరిపోతుంది. సానపట్టేవాళ్లకు అవి సరే, గెలలు ఎత్తేవాళ్లకు మందపాటి తోలువే కావాలి. ఉక్కపోతలో తోలు తొడుక్కోమంటే విసుగే, నిజమే. కనీసం గెలను ఇనుప కొక్కేనికి గుచ్చి ఎత్తినా చాలా ముళ్లు తప్పుతాయి.

చిన్న ముల్లేగా అనుకోకండి. వేలి కీలులో ముక్క విరిగి ఉండిపోతే, వారాల తర్వాతైనా కీలు వాచి బిగుసుకుపోవచ్చు. ఎక్స్‌రేలో ముల్లు సాధారణంగా కనపడదు. అల్ట్రాసౌండ్‌లో దొరికే వీలుంది. అందుకే ఎప్పుడు గుచ్చుకుందో డాక్టరుకు చెప్పాలి. ధనుర్వాతం టీకా సంగతీ అడగాలి.

కత్తి తెగితే కాఫీపొడి, పసుపు అద్దకండి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి, చేతిని పైకెత్తి ఉంచండి. రక్తం ఆగాక వేళ్లు ఒక్కొక్కటీ ముడిచి చాచి చూడండి. ఏ వేలైనా కదలకపోయినా, కొస మొద్దుబారినా నరం దెబ్బతిని ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కోత ఒక రోజు ఆగితే నాలుగు పండ్లు రాలతాయి, ఏరుకోవచ్చు.