చెరిపి రాసిన పలక

మార్కాపురం అనగానే మీకు పలకలు గుర్తుకొస్తాయి. ఇక్కడి రాతిపలక మీద ఓనమాలు దిద్దుకున్నవారు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. పలకకు ఒక గొప్ప గుణం ఉంది. తప్పు రాస్తే చెరిపి, మళ్లీ రాసుకోవచ్చు. మొన్న సాయంకాలం మా కాలేజీ మైదానంలో వాలీబాల్ ఆడుతున్న గిద్దలూరు కుర్రవాడొకడు అడిగిన ప్రశ్నతో నాకీ సంగతి గుర్తుకొచ్చింది.

“సార్, ఒకసారి మూతపడ్డ వాలీబాల్ లీగును మళ్లీ నడుపుతున్నారు గదా! ఈ ఆటను నమ్ముకుంటే అన్నం పెడుతుందంటారా?”

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వెళ్లి, పడి లేచిన రెండు లీగుల కథ తిరగేశాను.

మొదటిది అమెరికాది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. ఎన్.ఎఫ్.ఎల్. అనే పెద్ద లీగు దాన్ని శరత్కాలంలో మొదలుపెట్టి ఆడిస్తుంది. వసంతంలో మైదానాలు ఖాళీయే గదా అని 1983లో యు.ఎస్.ఎఫ్.ఎల్. బయలుదేరింది. మూడేళ్లు ఆడింది. ఆటగాళ్ల జీతాలకు డబ్బు నీళ్లలా పోశారు. అంతటితో ఆగారా? పెద్ద లీగు ఆడే కాలంలోనే మేమూ ఆడతామన్నారు! అలా పట్టుబట్టిన యజమానుల్లో ముఖ్యుడు, తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడైన డోనాల్డ్ ట్రంప్. పెద్ద లీగు మీద దావా కూడా వేశారు. పెద్ద లీగు చట్టం మీరిన మాట నిజమేనని 1986లో జ్యూరీ ఒప్పుకున్నది. నష్టపరిహారం మాత్రం ఒక్క డాలరు! చట్టప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు. ఇల్లమ్ముకుని దావా గెలిచినట్లయింది.

అదే పేరుతో 2022లో మళ్లీ ఒక లీగు లేచింది. ఈసారి ఒదిగి నడిచారు. మొదటి ఏడు లీగు దశ ఆటలన్నీ బర్మింగ్‌హామ్ అనే ఒక్క ఊళ్లోనే ఆడించారు. ఆ తర్వాత మరో వసంతకాలపు లీగుతో చేయి కలిపి, 2024లో యు.ఎఫ్.ఎల్. అయింది.

రెండోది మనది. 2019 ఫిబ్రవరిలో ఆరు జట్లతో ప్రో వాలీబాల్ లీగు కొచ్చిలోనూ చెన్నైలోనూ జరిగింది. హైదరాబాదు జట్టూ ఆడింది. మరుసటి ఏటికి లీగే లేదు! సమాఖ్యకూ నిర్వాహకులకూ చెడి, వ్యవహారం కోర్టుకెక్కింది. చివరకు జట్ల యజమానులు పూనుకుని, 2022 ఫిబ్రవరి 5న మన గచ్చిబౌలిలో ఏడు జట్లతో ప్రైమ్ వాలీబాల్ మొదలుపెట్టారు. ఇదీ ఒక్క ఊళ్లోనే. 2025లో నాలుగోసారి జరిగేనాటికి జట్లు పదయ్యాయి.

అమెరికాలో మూడు డాలర్ల తీర్పు వచ్చిన 1986లోనే, సియోల్ ఆసియా క్రీడల్లో మన వాలీబాల్ జట్టు కాంస్యం తెచ్చింది. అందులో పి.వి. రమణ ఉన్నారు; మన సింధు తండ్రిగారు. ఆనాడు లీగూ లేదు, వేలంపాటా లేదు. ఆయనకు అండ రైల్వే ఉద్యోగం.

మర్నాడు కుర్రవాడితో అదే చెప్పాను. “లీగు పలక మీది రాత నాయనా. ఒకరు రాస్తారు, ఇంకొకరు చెరుపుతారు. మళ్లీ రాశారు, సంతోషమే, పిలుపొస్తే వెళ్లు. కాని నీ డిగ్రీ చెరగని సిరాతో రాసుకో.”

వాడు నవ్వి, సర్వీసు చేయడానికి వెళ్లాడు. బంతి వలకు తగలకుండా అవతలి మూలన పడింది.