వెనుక నుంచి ఢీకొంటే తప్పెవరిది?

మీరు బస్సులో ప్రయాణిస్తున్నారనుకోండి. ముందున్న లారీ హఠాత్తుగా ఆగింది. బస్సు దాన్ని వెనుక నుంచి గుద్దింది. మీ చేయి విరిగింది. చుట్టూ చేరినవారు "వెనుక వచ్చినవాడిదే తప్పు" అంటారు. చట్టం కూడా ఇంతేనా? పరిశీలిద్దాం.

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• ఇలాంటి ప్రమాదంలో బాధ్యతను ఎలా నిర్ణయిస్తారో వివరించగలుగుతారు.
• నష్టపరిహారం కోరే విధానాన్ని తెలుపగలుగుతారు.

1. వెనుక డ్రైవరు బాధ్యత

గంటకు 60 కి.మీ. వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు వెళుతుంది. బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఇంత దూరం గడిచిపోవచ్చు. అందుకే, ముందు వాహనం హఠాత్తుగా ఆగినా ఢీకొననంత ఎడం ఉంచాలని 1989 నాటి రహదారి నియమాలు చెప్పాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలూ తగిన ఎడం పాటించాలనే అంటున్నాయి. లారీ వెనుక 10, 15 అడుగుల దూరంలోనే కారు నడిపిన డ్రైవరుదే నిర్లక్ష్యమని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది.

2. ముందు డ్రైవరు బాధ్యత

అయితే అన్నిసార్లూ తప్పంతా వెనుకవారిదే కాదు. 2017లో కోయంబత్తూరు ప్రాంతంలో ఒక కారు రహదారి మధ్యలో సంకేతం ఇవ్వకుండా ఆగింది. మోటారు సైకిలుపై వస్తున్న ఇంజనీరింగు విద్యార్థి దాన్ని ఢీకొని పడిపోయాడు. వెనుక వచ్చిన బస్సు అతని మీదుగా పోయింది. అతని కాలు తీసివేయవలసి వచ్చింది. 2025లో సుప్రీంకోర్టు కారు డ్రైవరుకు 50 శాతం, బస్సు డ్రైవరుకు 30 శాతం, తగిన ఎడం పాటించని విద్యార్థికి 20 శాతం బాధ్యత నిర్ణయించింది. లెక్కగట్టిన సుమారు 1 కోటి 14 లక్షల రూపాయల నుంచి అతని వంతు తగ్గించగా సుమారు 91 లక్షలు వచ్చాయి.

ఇలా బాధితుడి వంతు తప్పును కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. అది పరిహారాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు.

3. ప్రయాణికుల సంగతి

ఇప్పుడు మన బస్సు దగ్గరికి వద్దాం. మీరు వాహనం నడపలేదు, కనుక మీ వంతు తప్పు లేదు. బస్సు, లారీ డ్రైవర్లిద్దరిదీ తప్పయితే, మొత్తం పరిహారాన్ని ఏ ఒక్క పక్షం నుంచైనా రాబట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. వారి వాటాలు వారు తేల్చుకుంటారు.

4. మీరు చేయవలసినవి

• వెంటనే ఆసుపత్రిలో చూపించుకోండి. చీటీలు, బిల్లులు భద్రపరచండి.
• పోలీసులకు తెలియజేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి.
• వాహనాల నంబర్లు, సాక్షుల పేర్లు రాసుకోండి.
• మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షను కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయండి. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనైనా చేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఇందుకు 6 నెలల గడువు విధించింది. కాబట్టి ఆలస్యం చేయకండి.

గుర్తుంచుకోండి: ఎవరు ఎవరిని గుద్దారన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఎవరు ఎంత జాగ్రత్త తప్పారన్నదే పరిహారాన్ని నిర్ణయిస్తుంది.

పాఠ్యగత ప్రశ్నలు

1. పరిహారం 5,00,000 రూపాయలు. బాధితుడి వంతు తప్పు 30 శాతం. అతనికి ఎంత వస్తుంది?
2. ప్రయాణికుడి పరిహారంలో కోత ఎందుకు ఉండదు?

జవాబులు: 1. 3,50,000 రూపాయలు. 2. వాహనం నడపడంలో అతని ప్రమేయం లేదు కాబట్టి.