మీకు తెలుసా? సగటు ఎక్కువున్న రాష్ట్రమే మెరుగైనది కానక్కర్లేదు!

అమెరికాలో హైస్కూలు పిల్లలు కాలేజీ చదువుకు ఎంతవరకు సిద్ధమయ్యారో చూసే పరీక్షల్లో ఏసీటీ ఒకటి. గరిష్ఠ స్కోరు 36. 2023లో మసాచుసెట్స్ సగటు 26 దాటితే, నెవాడాది 17 దగ్గరే ఆగింది. నెవాడా బడులు అంత నాసిరకమా? తొందరపడొద్దు. అక్కడ దాదాపు ప్రతి విద్యార్థి చేతా రాష్ట్రమే ఈ పరీక్ష రాయిస్తుంది. మసాచుసెట్స్‌లో రాసేది నూటికి పదిమంది కూడా ఉండరు. వాళ్లలోనూ ఎక్కువమంది పెద్ద కాలేజీల మీద కన్నేసి, తమంతట తాము వచ్చినవాళ్లే. క్లాసులో ముందు బెంచీ వాళ్లనే కూర్చోబెట్టి లెక్క తీస్తే ఏ బడి సగటైనా మెరుస్తుంది మరి!

అలాగని అంతా లెక్కల మాయేనని కొట్టిపారేయలేం. దేశం మొత్తం చూస్తే, 2016 బ్యాచ్‌లో దాదాపు 21 లక్షల మంది ఏసీటీ రాశారు. 2023కి సుమారు 14 లక్షలే. కోవిడ్ వచ్చాక చాలా కాలేజీలు స్కోరు తప్పనిసరి అనడం మానేశాయి. రాసేవాళ్లు తగ్గారు కాబట్టి సగటు పెరిగి ఉంటుందనుకుంటాం. అదీ జరగలేదు. 19.5కి పడింది. 1991 తర్వాత అంత తక్కువ అదే మొదటిసారి. ఆ ఏడాది ఇంగ్లిష్, గణితం, రీడింగ్, సైన్స్‌లలో ఒక్కదాంట్లోనూ కాలేజీ సంసిద్ధత గీత అందుకోనివారు నూటికి 43 మంది.