పిస్సారో మిత్రులు ఇద్దరు

రాజకీయ విభేదాలు వ్యక్తిగత స్నేహాలను మింగివేయడం దేశ రాజధానిలో కొత్త విషయమేమీ కాదు. నిన్నటివరకు ఒకే పంక్తిన భోజనం చేసినవారు నేడు ఎదురుపడితే ముఖం తిప్పుకొని పోవడం ఇక్కడ తరచు కనిపించే దృశ్యమే. అయితే ఈ జాడ్యం రాజకీయవేత్తలకే పరిమితం కాదనడానికి పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుల చరిత్ర నిదర్శనం.

ఆనాడు పారిస్‌లో అధికారిక ప్రదర్శన 'సలోన్'దే పెత్తనం. దాని నిర్ణేతలు కాదన్న చిత్రకారునికి వేరే దిక్కు లేదు. ఈ పెత్తనాన్ని ధిక్కరించి మోనే, పిస్సారో, డెగా, రెన్వార్, సెజాన్ ప్రభృతులు సొంత సంఘం పెట్టుకొని, 1874 ఏప్రిల్ 15న ఫొటోగ్రాఫర్ నాడార్ ఖాళీ చేసిన స్టూడియోలో ప్రదర్శన తెరిచారు. పత్రికలు పరిహసించాయి. 'ఇంప్రెషనిస్టులు' అన్న పేరు ఆ పరిహాసం నుంచి వ్యాప్తిలోకి వచ్చిందే. సంఘం ఆ ఏడాదే మూతబడినా, 1886 వరకు మొత్తం ఎనిమిది ప్రదర్శనలు జరిగాయి. అన్నింటిలోనూ పాల్గొన్నది పిస్సారో ఒక్కరే.

ఆయన వద్ద నేర్చుకోనివారు అరుదు. 1872లో సెజాన్ పోంత్వాజ్ చేరి, పిస్సారో చిత్రించిన లూవ్‌సియెన్ దృశ్యాన్ని అరువు తెచ్చుకొని నకలు వేశారు. ఇద్దరూ ఒకే దృశ్యం ఎదుట నిలిచి బొమ్మలు వేసేవారు. సెజాన్ రంగులలోని చీకటి క్రమంగా విచ్చిపోయింది. ఇది ఏకపక్షపు బోధన కాదు. చిత్రానికి గట్టి కట్టడం ఇవ్వడంలో పిస్సారో కూడా సెజాన్ నుంచి గ్రహించారు. 1879 ప్రాంతంలో డెగా, పిస్సారో, అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ కలిసి ఎచింగ్ ప్రయోగాలు చేశారు. పిస్సారో గీసిన రాగి రేకులను డెగా స్వయంగా అచ్చు తీసేవారు. వారు తలపెట్టిన పత్రిక వెలువడలేదు. అచ్చులు మాత్రం నిలిచాయి.

ఇంతటి సాహచర్యాన్ని డ్రేఫస్ వ్యవహారం ఛేదించింది. 1894లో యూదు సైనికాధికారి డ్రేఫస్‌కు దేశద్రోహం అంటగట్టి శిక్షించారు. 1898 జనవరి 13న రచయిత జోలా బహిరంగ లేఖతో ఫ్రాన్స్ రెండుగా చీలింది. యూదు కుటుంబంలో పుట్టిన పిస్సారో జోలాను సమర్థించారు, మోనే కూడా. యూదు ద్వేషం తలకెక్కిన డెగా పాత మిత్రునితో సంబంధం తెంచుకున్నారు. చిరకాలం ఆత్మీయులైన అలేవీ కుటుంబం గడప తొక్కడం కూడా మానివేశారు.

దీనిని కేవలం అభిప్రాయభేదమని సరిపెట్టలేము. ఒక నిరపరాధి దీవిలో బందీగా ఉన్నాడు. ఆ అన్యాయాన్ని సమర్థించినవారిలో మహాకళాకారులు ఉండడమే విషాదం. కుంచెకు చూపునిచ్చిన ప్రతిభ మనసుకు న్యాయబుద్ధిని ఇస్తుందన్న హామీ లేదు. 1906లో న్యాయస్థానం డ్రేఫస్‌ను నిర్దోషిగా తేల్చేనాటికి పిస్సారో కన్నుమూసి మూడేళ్లు.

సెజాన్ కూడా డ్రేఫస్ పక్షాన నిలిచినవారు కారు. కాని అదే 1906లో, తన స్వస్థలమైన ఎక్స్‌లో జరిగిన ప్రదర్శన సూచీలో తన పేరు పక్కన 'పిస్సారో శిష్యుడు' అని వేయించుకున్నారు. అప్పటికి ఆయన యువ చిత్రకారులకు ఆరాధ్యుడు. ఒకరి శిష్యునిగా చెప్పుకోవలసిన అవసరం లేదు. ఆ ఏడాదే ఆయనా మరణించారు. న్యాయం విషయంలో పొరబడినవాడు సైతం ఋణం మరువకుండా ఉండవచ్చునని ఆ రెండు మాటలు చాటాయి. డెగా ఆపాటి కూడా చేయలేకపోయారు.