ఇంట్లో పిల్లి ఉందా? చీమల మందుతో జాగ్రత్త

తొలకరి చినుకులు పడగానే చీమలు ఇంట్లోకి వస్తాయి. పుట్టలోకి నీళ్ళు చేరడంతో పొడిగా ఉండే చోటు వెతుక్కుంటూ గోడ పగుళ్ళలోంచి, గడప సందుల్లోంచి, బాత్‌రూము తూములోంచి బారులు తీరతాయి. ఎండాకాలంలో నీళ్ళ కోసం వస్తాయి. చక్కెర డబ్బా, బిడ్డ పాలసీసా, మంచం మీది రోగి సగం తాగి వదిలేసిన హార్లిక్స్ గ్లాసు, పిల్లి అన్నం తినే గిన్నె, అన్నీ వాటికి ఒకటే. విసిగిపోయి కిరాణా కొట్టుకు మనిషిని పంపి చీమల మందు తెప్పిస్తాం. గడప వెంబడి, పొయ్యిగట్టు కింద చల్లుతాం. సాయంత్రానికి చీమలు కనిపించవు. మందు మాత్రం నేల మీదే ఉంటుంది.

ఆ నేల మీద తిరిగేది పిల్లి. ఇంట్లో పాకే వయసు బిడ్డ ఉంటే ఆ బిడ్డ కూడా. ఇద్దరికీ మందు తగిలే దారి ఒకటే. అందువల్ల పిల్లిని పెంచనివారు కూడా ఈ నాలుగు పేజీలు చదవడం మంచిది.

పిల్లికి ప్రమాదం ఎందుకు ఎక్కువ?

పిల్లి చీమల మందును తినాలని తినదు. మందు చల్లిన చోట నడుస్తుంది, పడుకుంటుంది. పొడి దాని పాదాలకు, పొట్ట కింది బొచ్చుకు అంటుకుంటుంది. పిల్లి మెలకువగా ఉన్న సమయంలో చాలాసేపు ఒళ్ళు నాకి శుభ్రం చేసుకుంటూనే ఉంటుంది కదా. అలా ఒంటికి అంటినదంతా కడుపులోకి పోతుంది. పెద్ద పిల్లి బరువు సాధారణంగా కొద్ది కిలోలే. మనకు లెక్కలోకి రాని చిటికెడు మందు దానికి ఎక్కువ మోతాదు.

ఇంకొక కారణం దాని కాలేయంలో ఉంది. మన శరీరంలోకి చేరిన కొన్ని రసాయనాలను కాలేయం మరొక పదార్థంతో జతచేసి, విషం తగ్గించి, మూత్రం ద్వారా బయటికి పంపుతుంది. ఈ పని చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి వేసినా పిల్లి చనిపోవచ్చు. ఫినాయిలు, డెట్టాల్ వంటి ద్రవాలు కుక్కకన్నా పిల్లికి ఎక్కువ హాని చేసేది కూడా ఇందువల్లనే. చీమలు, దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్ జాతి రసాయనాలు కూడా పిల్లి శరీరం నుండి త్వరగా పోవు. వీటిలో పెర్‌మెత్రిన్ దానికి అన్నిటికన్నా ప్రమాదకరం. కుక్క గోమార్లకు వాడే మందులు కొన్నింటిలో ఇది ఉంటుంది. కుక్కకు కొన్న మందు మిగిలిందని పిల్లికి రాయకండి.

ఇంట్లోకి తేకూడనివి

కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే, పేరు లేని పొడి అన్నిటికన్నా చెడ్డది. అందులో ఏముందో అమ్మేవారికి కూడా తెలియదు. మన ఊళ్ళలో చాలాకాలం చీమల మందుగా వాడిన గమాక్సిన్ పొడి బీహెచ్‌సీ అనే రసాయనం. దానిని మన దేశంలో 1997లో నిషేధించారు. పొలాల్లో చల్లే మిథైల్ పారాథయాన్ పొడిని 2018లో నిషేధించారు. అటువంటి పొడి పాత డబ్బాల్లో, పశువుల కొట్టంలో, అటక మీద ఇంకా ఉండవచ్చు. మిగిలిపోయిన పొలం మందు తెచ్చి వంటింట్లో చల్లడం ఏ విధంగానూ తగదు. పంటకు చల్లితే గాలి, ఎండ, వాన దాని బలాన్ని తగ్గిస్తాయి. నాలుగు గోడల మధ్య అది అలాగే నిలిచి ఉంటుంది.

గీత గీసే చాక్‌పీసు చూడడానికి అమాయకంగా ఉంటుంది. దానిలో సాధారణంగా సైపర్‌మెత్రిన్ గానీ డెల్టామెత్రిన్ గానీ ఉంటుంది. అసలు చిక్కు దాని రూపంతోనే. బడిలో పలక మీద రాసే సుద్దముక్కకూ దీనికీ తేడా చిన్నపిల్లలకు తెలియదు. బలపం కొరికే అలవాటున్న పిల్లలు దీనినీ కొరుకుతారు. ఇక నేల మీద గీసిన గీత పిల్లి అరికాలికి అంటుకోవడానికి ఒక్క అడుగు చాలు. తప్పనిసరై వాడితే పిల్లికీ, బిడ్డకూ అందని ఎత్తులో మాత్రమే గీసి, మిగిలిన ముక్కను తాళం వేసిన చోట పెట్టాలి.

మందు వద్దనుకున్నవారు ఇంట్లో ఉండే వస్తువులు వాడతారు. వాటిలో పసుపు, ఉప్పు హాని లేనివే, కానీ చీమలను ఆపేది కొద్దిసేపే. కర్పూరం సంగతి వేరు. "దేవుడి దగ్గర పెట్టేదే కదా" అని కర్పూరం బిళ్ళలు అలమరల్లో, మంచం కింద వేస్తుంటారు. చిన్నబిడ్డ ఒకటి రెండు బిళ్ళలు నమిలితే అరగంటలోపే ఫిట్స్ రావచ్చు. పిల్లికీ అంతే ప్రమాదం. కలరా ఉండలు కూడా ఇటువంటివే. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. వారు కలరా ఉండ మింగితే రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. కిరసనాయిలు గుడ్డతో తుడవడం మానుకోవాలి. నీళ్ళ సీసాలో పోసి ఉంచిన కిరసనాయిలు తాగి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్లలు ఆసుపత్రి పాలవుతారు.

ముందు దారి చెరపండి

మనకు కనిపించే చీమలు మేత కోసం బయటికి వచ్చిన పనిచీమలు. పుట్టలోని చీమల్లో ఇవి కొద్ది భాగమే. గుడ్లు పెట్టే రాణి లోపలే ఉంటుంది. బారులో ఉన్నవాటిని ఎన్నిటిని చంపినా అది మళ్ళీ పుట్టిస్తూనే ఉంటుంది. ఇళ్ళలోను, ఆసుపత్రుల్లోను కనిపించే పసుపురంగు సన్నచీమల పుట్టల్లో రాణులు చాలా ఉంటాయి. వాటి మీద స్ప్రే కొడితే పుట్ట చీలి, ఒకటి ఉన్నచోట మూడు నాలుగు తయారవుతాయి. ప్రతి ఏడూ మందు చల్లే ఇళ్ళలో ప్రతి ఏడూ చీమలుండడానికి ఇదొక కారణం.

చీమ మేత దొరికిన చోటినుండి పుట్టదాకా నేలకు పొట్ట తాకిస్తూ ఒక వాసన వదులుతుంది. మిగతావి ఆ వాసన పట్టుకుని వస్తాయి. కాబట్టి బారు కనిపించగానే చీపురుతో ఊడ్చి వదిలేయకండి. గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి, బారు మొదలైన చోటినుండి చివరిదాకా గట్టిగా తుడవండి. చీమలూ పోతాయి, వాసనా పోతుంది. తరువాత మంచినీళ్ళతో ఒకసారి తుడిస్తే పిల్లి నడిచినా ఫరవాలేదు.

అవి వచ్చే పగులును తెల్లసిమెంటుతో పూడ్చాలి. కిటికీకి ఆనుకుని మందార కొమ్మ ఉంటే ఒకసారి ఆకుల కింద చూడండి. తెల్లని పిండినల్లి పట్టి ఉంటే అది విడిచే తియ్యని జిగురు కోసం చీమలు అక్కడ కాపురం పెట్టి ఉంటాయి. ఆ కొమ్మ కత్తిరిస్తే ఇంట్లో సగం బాధ తగ్గుతుంది.

పిల్లి గిన్నె విషయంలో పాతకాలపు ఉపాయమే మంచిది. వెడల్పాటి పళ్ళెంలో అంగుళం లోతు నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె పెట్టండి. చీమలు నీళ్ళు దాటలేవు. పూర్వం పాలు, పెరుగు పెట్టే అలమర కాళ్ళ కింద మన పెద్దలు నీళ్ళ గిన్నెలు పెట్టింది ఇందుకే. పళ్ళెంలో నీళ్ళు పిల్లి తాగుతుంది కాబట్టి సబ్బు గానీ, ఫినాయిలు గానీ కలపకూడదు. రెండు రోజులకొకసారి నీళ్ళు పారబోసి పళ్ళెం రుద్ది కడగాలి. లేకపోతే చీమల బాధ పోయి డెంగీ దోమ మొదలవుతుంది. చేప, గుడ్డు, పాలన్నం పెట్టినప్పుడు పిల్లి అరగంటలో తినకపోతే గిన్నె తీసేయండి.

ఎర పెట్టే పద్ధతి

శుభ్రం చేసినా వదలని చీమలకు ఎర పెట్టాలి. దీనికి కావలసినది బోరిక్ పౌడరు. క్యారమ్‌బోర్డు మీద చల్లేది ఇదే, మందుల షాపులో దొరుకుతుంది. ఒక కప్పు గోరువెచ్చని నీళ్ళలో ఎనిమిది టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను బోరిక్ పౌడరు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. పౌడరు ఇంకొంచెం వేస్తే త్వరగా పనిచేస్తుందని అనుకోవద్దు. ఘాటు ఎక్కువైతే చీమ దారిలోనే చస్తుంది. పలచగా ఉంటేనే అది కడుపునిండా తాగి పుట్టకు వెళ్ళి, రాణికీ, పిల్లలకూ పంచిపెడుతుంది. మనకు కావలసింది అదే.

ఇది కూడా విషమే, తక్కువ విషం అంతే. అందువల్ల పళ్ళెంలో పోసి నేల మీద పెట్టకూడదు. మూత గట్టిగా బిగిసే చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, కాల్చిన సూదితో పైభాగంలో నాలుగైదు బెజ్జాలు చేయండి. దూదిని ఈ ద్రవంలో ముంచి లోపల పెట్టి, మూత బిగించి టేపు చుట్టండి. ఆ డబ్బాను ఫ్రిజ్ వెనుక గానీ, సింకు కింద అలమరలో గానీ కదలకుండా అతికించండి. చీమ దూరుతుంది, పిల్లి నాలుక దూరదు. మిగిలిన ద్రవాన్ని దాచుకోకుండా పారబోయండి. పౌడరును ఉప్పు, చక్కెర డబ్బాల పక్కన ఎప్పుడూ పెట్టకండి. మూడూ చూడడానికి ఒకేలా ఉంటాయి.

మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువగా వస్తాయి. కంగారుపడి తుడవవద్దు, స్ప్రే అసలు కొట్టవద్దు. వారం నుండి రెండు వారాల్లో బారు సన్నబడి ఆగిపోతుంది. దూది ఎండిపోతే మార్చాలి. పెస్ట్ కంట్రోల్ వారిని పిలవాల్సి వస్తే ఇంట్లో పిల్లి ఉందని ముందే చెప్పి, మందు పూర్తిగా ఆరి, ఇల్లు గాలి ఆడేవరకు దానిని వేరేచోట ఉంచండి.

రోగి ఉన్న ఇంట్లో

మంచం దిగలేని మనిషి, కట్టు కట్టిన పుండు, ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారు ఉన్న ఇంట్లో చీమలను తేలికగా తీసుకోకూడదు. పక్షవాతం వచ్చినవారికి, షుగరు వల్ల కాళ్ళు మొద్దుబారినవారికి చీమలు కుట్టినా తెలియదు. 1972లో ఇంగ్లాండులోని ఆసుపత్రుల్లో పరిశీలించినప్పుడు పసుపురంగు సన్నచీమల మీద పుండ్లకు చీము పట్టించే సూక్ష్మక్రిములు కనిపించాయి. అయినా రోగి మంచం చుట్టూ పొడి చల్లకండి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా మడిచి, కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే సరిపోతుంది. ఈ గిన్నెల నీళ్ళు కూడా రెండు రోజులకొకసారి మార్చాలి.

ఇంకొక విషయం. మూత్రం పోసిన చోట చీమలు పట్టడం మన ప్రాచీన ఆయుర్వేద వైద్యులు గమనించిందే. మధుమేహం అనే పేరు కూడా మూత్రంలోని తీపిని బట్టి వచ్చింది. ఇంట్లో ఎవరి మూత్రానికైనా చీమలు పడుతుంటే ఆ వ్యక్తికి రక్తపరీక్ష చేయించండి. చీమలు పట్టలేదు కాబట్టి షుగరు లేదని మాత్రం అనుకోరాదు.

మందు తగిలిందని అనుమానం వస్తే

పిల్లి నోటినుండి చొంగ కారడం, చెవులు, ఒళ్ళు అదరడం, తూలుతూ నడవడం, వాంతులు, ఫిట్స్ – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయవద్దు. పిల్లి స్పృహలో ఉండి, ఫిట్స్ లేకపోతే గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే సబ్బుతో ఒళ్ళు కడిగి, తుడిచి, తువ్వాలులో చుట్టండి. వేడినీళ్ళు వద్దు, మందు చర్మంలోకి ఇంకా త్వరగా ఇంకుతుంది. ఫిట్స్ ఉంటే కడగడం మాని నేరుగా పశువైద్యశాలకు తీసుకుపోండి. పాలు, నూనె, ఉప్పునీళ్ళు పట్టడం, వాంతి చేయించడం తప్పు.

బిడ్డ విషయంలో కూడా ఇంతే. నోరు తుడిచి, మందు పడిన బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బునీళ్ళతో కడిగి 108కి ఫోను చేయండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలి.

బయలుదేరేటప్పుడు మందు డబ్బా గానీ, పొట్లం గానీ వెంట తీసుకురండి. అందులో ఉన్నది పొలం మందు జాతి అయితే విరుగుడుగా అట్రోపిన్ ఇంజక్షన్ ఇస్తారు. చాక్‌పీసులో ఉండే పైరెత్రాయిడ్ అయితే దానికి ప్రత్యేక విరుగుడు లేదు. వణుకు, ఫిట్స్ తగ్గించే వైద్యం చేస్తారు, వేళకు అందితే చాలా పిల్లులు రెండు మూడు రోజుల్లో కోలుకుంటాయి. లేబులు చిరిగి ఉన్నా సరే, డబ్బాలో కొంచెమే మిగిలినా సరే, మూత గట్టిగా పెట్టి కవరులో వేసి తెచ్చి డాక్టరుకు చూపించండి.